తటస్థతకు హద్దు ఎక్కడ?

విద్యాశాఖలో పనిచేయు అధికారి తటస్థుడై ఉండవలెననుట న్యాయమే. కాని ఏ విషయమున, ఎవరెవరి నడుమ తటస్థుడు కావలెనను ప్రశ్న అంత తేలికగా తెగదు. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమున 2007లో జరిగిన ఉదంతమొకటి ఈ చిక్కును స్పష్టముగా చూపుచున్నది.

క్రిస్టీన్ కోమర్ 27 సంవత్సరములు విజ్ఞానశాస్త్రము బోధించి, పిమ్మట రాష్ట్ర విద్యాసంస్థలో విజ్ఞాన విభాగ సంచాలకురాలైరి. దైవము జీవజాతులను విడివిడిగా సృజించెనను సృష్టివాదమును విమర్శించు తత్త్వశాస్త్రాచార్యురాలు బార్బరా ఫారెస్ట్, ఆస్టిన్ నగరమున ఉపన్యసించనున్నారని ఆ అక్టోబరులో కోమర్‌కు ఈ-మెయిలు వచ్చినది. 'మీ సమాచారము కొరకు' అని మాత్రము చేర్చి, ఆమె దానిని కొందరికి పంపిరి. సంస్థ తటస్థముగా నుండవలసిన విషయమున ఇది ఒక పక్షమును సమర్థించుటయేనని పై అధికారులు ఆక్షేపించిరి; అవిధేయతారోపణలును జతపరచిరి. నవంబరులో ఆమె రాజీనామా చేయవలసివచ్చినది.

సంస్థ వాదమును తేలికగా తోసివేయరాదు. పాఠ్యప్రణాళికను నిర్ణయించునది ఎన్నికైన విద్యామండలి. మండలి చర్చింపబోవు విషయముపై ఉద్యోగులు ముందే పక్షము వహించినచో ప్రజల నమ్మకము సడలును. సృష్టివాదము మతవిశ్వాసము గనుక, దానిపట్ల తటస్థత చూపుట ప్రభుత్వము మతమును బలపరచుటయేనని కోమర్ 2008లో దావా వేసిరి. ఫెడరల్ న్యాయస్థానము 2009లో దానిని కొట్టివేసినది. ఆ నిబంధనకు మతసమర్థనము ప్రధాన ఫలితము కాదని 2010లో అప్పీలు న్యాయస్థానమును నిర్ణయించినది.

అయినను చట్టము అనుమతించినదెల్ల విద్యకు మేలు చేయునని చెప్పజాలము. పరిణామ సిద్ధాంతము అప్పటికే టెక్సాస్ జీవశాస్త్ర ప్రణాళికలో ఉన్నది. పరిణామముతోపాటు సృష్టివాదమునూ బోధింపవలెనన్న లూసియానా శాసనమును అమెరికా సుప్రీంకోర్టు 1987లోనే రద్దుచేసినది. ఇట్టి స్థితిలో, నిర్ణీతమైన శాస్త్రపాఠమునకును దాని నిరాకరణకును నడుమ అధికారి మౌనము వహించినచో, తరగతిలో ఆ పాఠము చెప్పవలసిన ఉపాధ్యాయునికి అండ ఎవరు? శిలాజములు చెప్పు సాక్ష్యము అధికారి మౌనముచే మారదు. మారునది ఉపాధ్యాయుని ధైర్యము. పైవారు పలుకుటకు జంకు పాఠమును క్రిందివారు త్వరత్వరగా దాటవేయుదురు, నష్టపోవువాడు విద్యార్థి.

మతముల నడుమ పక్షపాతము చూపకుండుట, ఏ బిడ్డ విశ్వాసమును ఎగతాళి చేయకుండుట అధికారి ధర్మము. తాను అమలుచేయవలసిన శాస్త్రపాఠమును నిస్సంకోచముగా నిలబెట్టుటయు అతని ధర్మమే. మొదటిది పాటించుటకు రెండవదానిని విడువనక్కరలేదు.