ఒంటరి బాటసారి మజిలీ

దేశాటనము తెలుగువారికి క్రొత్త కాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరినప్పుడు డేరాలతోను, బోయీలతోను, పెద్ద పరివారముతోను కదలిరి. అంతటి బిడారులో గుడారము నెత్తుట కొకరు, నీరు తెచ్చుట కొకరు, పొయ్యి వెలిగించుట కొకరు ఉందురు. రాత్రి గాలి లేచి త్రాడు తెగినను, నిప్పురవ్వ గుడ్డపై బడినను, చూచి చెప్పువాడొకడు తప్పక యుండును.

నేడు సైకిలుమీదనో కాలినడకనో ఒంటరిగా ఊళ్లు చూడ బయలుదేరువారు కొందరు కలరు. వీపుమీది సంచిలో ఒక వానగుడ్డ, ఒక చిన్న స్టవ్వు, ఒక గిన్నె, ఒక దుప్పటి, ఒక దోమతెర: ఇదియే వారి పరివారము. బరువు తక్కువ గనుక నడక సులువు, ఖర్చు స్వల్పము. అయితే అట్టివానికి లేనిదొకటి కలదు. తన పొరపాటును చూచి చెప్పు రెండవ మనిషి లేడు. ఆ రెండవ మనిషి రాత్రి చేయవలసిన పనిని ప్రొద్దు గ్రుంకకముందే తానే చేసి పెట్టుకొనుట యెట్లో, ద్రాక్షారామ ప్రాంతమును దృష్టాంతముగా గైకొని, ఈ ప్రసంగమున వివరింప దలచితిమి.

ముందుగా ఆ వానగుడ్డ సంగతి. దీనికి పాంచో అని పేరు. దక్షిణ అమెరికాలో ఆండీస్ పర్వత ప్రాంతమువారు నడుమ తల దూర్చుటకు చీలిక విడిచిన ఉన్ని దుప్పటిని మెడలో వేసికొనెడివారు, పేరును అచటిదే. 1823లో చార్లెస్ మాకింటాష్ రబ్బరు పొర గల గుడ్డకు పేటెంటు పొందెను. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్, రబ్బరును గంధకముతో కలిపి కాచినచో అది ఎండకు జిగురెత్తక, చలికి పెళుసుబారక నిలుచునని కనుగొనెను. 1861 నుండి 1865 వరకు జరిగిన అమెరికా అంతర్యుద్ధములో రబ్బరు పాంచోలు సైనికులకు పగలు వానకోటుగను, రాత్రి పడకక్రింది గుడ్డగను, పైకప్పుగను ఉపయోగపడినవి. నేటి పాంచోలు పూత పూసిన నైలానువి. వెడల్పు సుమారు అయిదున్నర అడుగులు, పొడవు ఏడున్నర అడుగులు, బరువు అరకిలో అటు ఇటు. అంచులకు త్రాళ్లు దూర్చుటకు కన్నములుండును.

మన గొర్రెలకాపరి గొంగళి దీనికి అన్నగారి వంటిది. కోతలైన చేలలో ఎరువుకొరకు మంద కట్టి రాత్రులు కావలి కాయువానికి గొంగళియే పరుపు, గొంగళియే ఇల్లు. చింతగింజల గంజి పట్టించుటచేత బిరుసెక్కిన ఆ నేతపైనుండి చిరుజల్లు జారిపోవును. ఉన్ని తన బరువులో సుమారు మూడవవంతు తేమ పీల్చియు ఒంటికి తడి తోపనీయదు. లోని ఆవిరిని బయటికి పోనిచ్చును. పాంచో అట్లు కాదు. అది వాననీటిని బొత్తిగా లోనికి రానీయదు గాని, లోని ఆవిరినిగూడ బయటికి పోనీయదు. నిద్రించు మనిషి ఊపిరివలనను చెమటవలనను రాత్రి ఒక గ్లాసెడు నీరైనను ఆవిరిగా వెలువరించును. పాంచోను నలువైపుల నేలకు దించి మూసినచో ఆ ఆవిరి గుడ్డ లోపలివైపున చల్లబడి బొట్లుబొట్లుగా మీద రాలును. పడుకొన్నవాడు గుడ్డకు చిల్లు పడినదని యనుకొని చీకటిలో వెదకును. కావున ఎంత వాన యైనను రెండు కొసలు గాలికి తెరచి యుంచవలెను.

ఇక చోటు. ద్రాక్షారామమునందలి భీమేశ్వరాలయము పంచారామములలో నొకటి. తూర్పు చాళుక్యుల కాలమునాటిది. కార్తికమాసమున అయిదు ఆరామములను దర్శించువారు ఇచటికి విశేషముగా వత్తురు. సత్రములో చోటు దొరికినచో వానరాత్రి అదియే మేలు. ఆలయము పురావస్తుశాఖ రక్షణలో నున్నది గనుక ప్రాకారములోపల మజిలీ చేయుట, స్టవ్వు వెలిగించుట తగవు. ఊరి వెలుపల పడక వేయదలచినవాడు ముందు ఆ భూమి యెవరిదో విచారించి అనుమతి పొందవలెను. దీనివలన మర్యాద దక్కుటయే కాక, ఫలానాచోట ఫలానావాడు పడుకొన్నాడని ఊరిలో ఒకరికైనను తెలిసియుండును. రెండవ మనిషి లేని లోటు కొంత ఇట్లు తీరును.

ఇచటి నేల గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు. రాయి కనబడదు. భూమి చదును, మెరకకును పల్లమునకును భేదము ఒక్కొక్కచోట జానెడే. ఆ జానెడే రాత్రి నిద్రించుటకును, మేలుకొని కూర్చుండుటకును గల భేదము. పీతల బొరియలు కనబడుచోట, జమ్ము మొలచినచోట నీరు దగ్గర నున్నదని గ్రహింపవలెను. రైతు సమ్మతించినచో కళ్ళమును మించిన చోటు లేదు. అది మెరకన నుండును. మట్టి గట్టిపడి యుండును. గడ్డిమేటు చేరువలో నుండును.

కొబ్బరితోటలో రెండు చెట్ల నడుమ త్రాడు కట్టి పాంచో వేయుట చూచుటకు ముచ్చటగా నుండును. కాని ఎండుమట్టయు ముదురుకాయయు రాలుటకు వేళ చూడవు. పీచుతో కిలో తూగు కాయ యాబది అడుగుల ఎత్తునుండి పడినచో పాంచో అడ్డుకొనలేదు. కాయ దింపిన చెట్టు క్రిందనైనను మట్ట భయ ముండనే యుండును. కావున తోట అంచు దాటి ఆకాశము కనబడుచోట పడక వేయవలెను.

ద్రాక్షారామమునుండి ఒక పూట నడకలో కోటిపల్లి రేవు కలదు. అచట గౌతమీ గోదావరి లంకల యిసుక మెత్తగా, చల్లగా బాటసారిని పిలుచును. వర్షకాలమున ఆ పిలుపును మన్నింపరాదు. ఇచట చినుకు లేకున్నను ఎగువ వానలకు నది పొంగును. ధవళేశ్వరము ఆనకట్టవద్ద నీటిమట్టము 11.75 అడుగులు చేరినప్పుడు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది వెలువడును. 1986 ఆగస్టు వరదలో సెకనుకు సుమారు 35 లక్షల ఘనపుటడుగుల నీరు అచటినుండి దిగువకు ప్రవహించినది. నిద్రించువానికి నది చెప్పి రాదు. కనుక ఈ అంకెలను రేడియోలో విని తెలిసికొనుట ఒంటరివానికి కావలివానిని నియమించుకొనుటతో సమానము.

చోటు కుదిరిన పిమ్మట కప్పు నిలుపవలెను. పాంచోకు గల తల టోపీని మెలిపెట్టి త్రాటితో బిగించి కట్టుట మొదటి పని. ఇది మరచినచో నీరంతయు ఆ కన్నముగుండ నడుమ పడును. రెండు వెదురుకర్రలకు గాని, నిలిపిన సైకిలుకు గాని ఒక పొడవు అంచును నడుమెత్తున కట్టి, ఎదుటి అంచును గాలి వచ్చువైపు నేలకు దించి గూటములు కొట్టవలెను. కార్తికమున ఇచట గాలి తరచుగా ఈశాన్యమునుండి వీచును గనుక వాలు ఆ దిక్కున నుండవలెను. తడిసిన ఒండ్రుమట్టి గూటమును సులువుగా విడిచిపెట్టును. కావున జానెడు గూటములకు బదులు మూరెడువి తెచ్చుకొని, తల గుడ్డకు ఎడముగా వాలునట్లు దిగగొట్టవలెను. వాననీరు త్రాటివెంట ప్రాకి లోనికి వచ్చుట మరియొక చిక్కు. గుడ్డకు కొంచెము ఇవతల త్రాటికి ఒక నూలుపోగు వ్రేలాడగట్టినచో నీరు ఆ పోగు పట్టుకొని బయటనే కారిపోవును. ముళ్లన్నియు ఒక్క లాగుతో ఊడు జారుముళ్లుగా నుండవలెను. చీకటిలో తడిచేతులతో బిగిసిన ముడిని విప్పుట కష్టము.

పాంచోలో ఒక తిరకాసు కలదు. అది కప్పుగా మారినంతనే వానకోటు లేకుండ బోవును. కప్పు వేసిన తరువాత నీటికొరకు బయటికి పోవువాడు తడిసి తిరిగివచ్చి, ఆరుటకు మార్గము లేక రాత్రంతయు వణకును. కనుక నీరు తెచ్చుట, వంట, కాలకృత్యములు అన్నియు ముగించి, ప్రొద్దుండగనే కప్పు క్రింద చేరవలెను.

క్రింద పరచుటకు ఎండుగడ్డి శ్రేష్ఠము. గడ్డిపోచల నడుమ నిలిచిన గాలి, శరీరపు వెచ్చదనమును నేల లాగికొనకుండ అడ్డుపడును. గడ్డిని కర్రతో కదిపి దులిపి పరచి, పైన చాప వేయవలెను. తరువాత దోమతెర కట్టి, దాని అంచులను చాప క్రిందికి దోపవలెను. ఇది దోమలకొరకు మాత్రమే కాదు. కట్లపాము రాత్రులు సంచరించును. నేలపై నిద్రించువారిని కరచుట దీనికి పరిపాటి. కాటు నొప్పి స్వల్పము గనుక నిద్రలో నున్నవాడు ఎరుగకపోవచ్చును. తెల్లవారుజామున కారణము తెలియని కడుపునొప్పి, కనురెప్పలు వాలుట, మింగలేకపోవుట కనబడినచో దానిని అజీర్ణమని తలపరాదు. కోయుట, గట్టిగా కట్టుట మాని, అవయవమును కదల్పక, 108కి ఫోను చేసి విషమునకు విరుగుడు సూదిమందు గల ఆసుపత్రికి తక్షణమే చేరవలెను. అంచులు దోపిన దోమతెర ఈ ఆపదను చాలవరకు రానీయదు.

ఇక వంట. కార్తికమున మట్టలు, డొక్కలు తేమతో పొగచూరును. రాళ్లు లేని నేలలో పొయ్యి కుదరదు. కనుకనే చిన్న స్టవ్వు. 1892లో స్టాక్‌హోమ్‌లో ఫ్రాన్స్ లిండ్‌క్విస్ట్ తయారుచేసిన ప్రైమస్ స్టవ్వు మన యిండ్లలో పంపుస్టవ్వుగా పరిచితమైనదే. ముందు కొంచెము స్పిరిటు మండించి గొట్టమును కాచినచో, పంపు ఒత్తిడికి పైకి వచ్చు కిరసనాయిలు అందులో ఆవిరియై, సన్నని రంధ్రమునుండి చిమ్మి, గాలితో కలిసి నీలిమంటతో మండును. 1911లో అముండ్‌సెన్ దక్షిణధ్రువమునకు తీసికొనిపోయినది ఈ జాతి స్టవ్వే. ఒంటరివానికి అంతకంటె తేలికైనది స్పిరిటు స్టవ్వు. అది మూతగల చిన్న లోహపు గిన్నె మాత్రమే. గాలికి అడ్డము పెట్టినచో సుమారు 30 మిల్లీలీటర్ల స్పిరిటుతో అరలీటరు నీరు కాగును. దీని మంట పగటివెలుతురున కంటికి దాదాపు కనబడదు. ఆరినదని యెంచి సీసాతో మరల స్పిరిటు పోయువాని చేతిలో సీసా అంటుకొనగలదు. ఆరినదో లేదో చూచుటకు ఎండుగడ్డిపోచను మంటపై నుంచవలెను. ఆరిన పిదప స్టవ్వు చల్లారువరకు వేచి, అప్పుడే పోయవలెను.

ఇప్పుడు అన్నింటికంటె ముఖ్యమైన మాట. వాన కురియుచున్నది, చలి వేయుచున్నది, కప్పు క్రింద స్టవ్వు పెట్టుకొందమని మనసు పోవును. ఏ స్టవ్వైనను, బొగ్గుల కుంపటి యైనను గాలి చాలనిచోట కార్బన్ మోనాక్సైడ్ అను వాయువును పుట్టించును. దానికి రంగు లేదు, వాసన లేదు. నెత్తుటిలోని ఎఱ్ఱకణములు ప్రాణవాయువు నంటిపెట్టుకొనుటకంటె రెండు వందల రెట్లకు పైగా గట్టిగా దీనిని అంటిపెట్టుకొనును. మొదట తలనొప్పి, తరువాత మగత. పదుగురున్నచోట ఒకడు సోలినను మరియొకడు చూచి బయటికి లాగును. ఒంటరివానికి ఆ మగత నిద్రవలెనే తోచును, లేపువాడు లేడు. కనుక స్టవ్వు స్థానము కప్పు వెలుపల, గాలి చాటున. వంట ముగిసి మంట ఆర్పిన పిమ్మటనే పడక. వెచ్చదనము కావలసినచో మిగిలిన నీటిని కాచి, లోహపు సీసాలో పోసి, గుడ్డ చుట్టి పాదములయొద్ద నుంచుకొనవలెను.

యాత్రలకు అనువైన కార్తికమాసమే తుపానుల కాలమును. 1839 నవంబరులో ఉప్పెన ఇచటికి చేరువనున్న కోరంగి రేవును నాశనము చేసెను. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ, కాకినాడ తీరమును తాకిన తుపానులో వేయిమందికి పైగా మరణించిరి. పాంచో చిరుజల్లుకును మంచుకును చాలును, తుపానుకు చాలదు. బంగాళాఖాతమున వాయుగుండ మున్నదని రేడియో చెప్పిననాడు గూటములు కొట్టుట మాని పక్కా కట్టడమును చేరుటయే కర్తవ్యము.

బయలుదేరునప్పుడు ఇంటిలో ఒక కాగితముపై మూడు సంగతులు వ్రాసి యుంచుడు: ఏ రాత్రి ఏ యూరిలో పడక, ఏ దారిన నడక, ఏ ఘడియలోగా కబురు రాకున్న వెదక వలయును. మజిలీనుండి రోజూ ఒకమారు ఆ ప్రకారము ఫోనున కబురు పంపుడు. ఒంటరి ప్రయాణము చేయు యువకుడు మీ యింట నున్నచో, ఆ కాగితము అడిగి తీసికొనిన పిమ్మటనే ఆతనిని గడప దాటనిండు.