‘ఎనిమిది నెలలు’ అంటే గడువు కాదు!

“ఇంకెన్నాళ్లు డాక్టరుగారూ?” క్యాన్సర్ అని తెలియగానే ఇంట్లోవాళ్లు అడిగే ప్రశ్న ఇది. జవాబుగా ఓ అంకె చెవిన పడిందా, ఇక అందరి చూపూ క్యాలెండర్ మీదే. కానీ ఆ అంకె చెప్పేది సగం కథే.

అమెరికా శాస్త్రవేత్త స్టీఫెన్ జే గూల్డ్‌కి 1982లో మెసోథీలియోమా అనే అరుదైన క్యాన్సర్ బయటపడింది. అప్పుడాయనకు 40 ఏళ్లు. వైద్య గ్రంథాలు తిరగేస్తే ‘మీడియన్ 8 నెలలు’ అని ఉంది. అంటే సగం మంది 8 నెలల్లోపే పోతారని. మరి మిగతా సగం? వాళ్లు ఎన్నేళ్లయినా ఉండొచ్చు కదా! ఆయన పట్టుకున్న పాయింట్ అదే. మరో 20 ఏళ్లు బతికి, 2002లో వేరే క్యాన్సర్‌తో కన్నుమూశారు.

మనుషుల ఎత్తులతో గ్రాఫ్ గీస్తే గంట ఆకారం వస్తుంది. సగటుకు అటూ ఇటూ దాదాపు సమానం. జబ్బు తగ్గి మళ్లీ తిరగబెట్టేదాకా పట్టే కాలం అలా ఉండదు. ఎడమవైపు సున్నా దగ్గర గోడ, కుడివైపు పొడవాటి తోక. గణాంక శాస్త్రజ్ఞులు తరచూ వాడే 128 మంది మూత్రాశయ క్యాన్సర్ రోగుల లెక్కలే చూడండి. మీడియన్ సుమారు 6.4 నెలలు, సగటు 9.4. అందరికన్నా ఎక్కువకాలం బాగున్న వ్యక్తికి? 79 నెలలు!

ఈ తోకను పట్టుకునే సూత్రాల్లో పేరున్నది స్వీడన్ ఇంజినీరు వైబుల్‌ది. 1951 నాటి ఆయన వ్యాసంలో ఉక్కు బలంతోపాటు మన భారతీయ పత్తి పీచు బలం లెక్కలూ ఉన్నాయి. అందులో ఆకారాన్ని మార్చే అంకె ఒకటుంది. అది 1 కన్నా తక్కువైతే ముప్పు రోజురోజుకీ తగ్గుతున్నట్టు, ఎక్కువైతే పెరుగుతున్నట్టు. సరిగ్గా 1 అయితే ఎప్పుడూ ఒకేలా ఉన్నట్టు.

ఇబ్బంది ఏంటంటే, చాలా క్యాన్సర్లలో ముప్పు మొదట్లో పెరిగి, తర్వాత తగ్గుతుంది. వైబుల్ సూత్రం ఏదో ఒక వైపే వెళ్లగలదు. అందుకే 1993లో ముధోల్కర్, శ్రీవాస్తవ దానికి ఇంకో అంకె జోడించారు. దాంతో ఎక్కి దిగే గీతలూ సాధ్యమయ్యాయి. అలాగని అంకెలు పెంచుకుంటూ పోతే మంచిదేం కాదు. రోగులు కొద్దిమందే ఉన్నప్పుడు ఎలాంటి గీతైనా అతికినట్టే కనిపిస్తుంది.

తోక పొడవుగా ఉందంటే మనవాళ్లు అందులోనే ఉంటారన్న హామీ కాదు. కానీ డాక్టరుగారిని ఈసారి ఇలా అడగండి: “ఈ అంకె ఏ దశవాళ్లది? ఏ చికిత్స తీసుకున్నవాళ్లది? అది దాటినవాళ్లు తర్వాత ఎలా ఉన్నారు?” చికిత్స ఆపాలా, కొనసాగించాలా అన్న నిర్ణయానికి ఆ మూడు జవాబులూ కావాలి.