డెల్టా అడుగున గ్యాస్: పాత సరిహద్దు మిగిల్చిన సరుకు

విజయవాడ: సముద్రంలో ఫలానా బ్లాకులో ఇన్ని లక్షల కోట్ల ఘనపుటడుగుల గ్యాస్ బయటపడిందన్న ప్రకటన వెలువడినప్పుడల్లా వ్యాపార వర్గాలలో కదలిక రావడం సహజం. షేర్లకు గిరాకీ పెరుగుతుంది. విద్యుత్ కేంద్రాలకు, ఎరువుల ఫ్యాక్టరీలకు కొత్త అంచనాలు తయారవుతాయి. అయితే భూమిలో ఉన్న గ్యాస్ వేరు, గొట్టంలోకి వచ్చే గ్యాస్ వేరు. ఈ రెంటికీ గల తేడాను కృష్ణా-గోదావరి బేసిన్ గత ఇరవై ఏళ్లలో గట్టిగానే రుజువు చేసింది. ఆ తేడాకు మూలం ఈ గ్యాస్ పుట్టిన తీరులోనే ఉన్నది.

ముందుగా ఒక విషయం. కొండపల్లిలో సిలిండర్లకు నింపే వంటగ్యాస్, ఈ సహజవాయువు ఒకటి కావు. వంటగ్యాస్ ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమం. సహజవాయువులో ప్రధాన భాగం మీథేన్. ఆటోలకు సి.ఎన్.జి.గా, యూరియాకు ముడిసరుకుగా, విద్యుత్ కేంద్రాలకు ఇంధనంగా వెళ్లేది ఇదే.

భూఫలకాల పాత్ర

భూమి పైపొర ఒకే ముక్క కాదు. కదిలే పెద్ద పెద్ద ఫలకాలుగా విడివడి ఉన్నది. ఈ ఫలకాలు ఢీకొనే చోట, విడిపోయే చోట గ్యాస్ నిల్వలు ఎక్కువగా కనిపిస్తాయి. ఫలకాల రాపిడి వల్లే గ్యాస్ పుడుతుందని కొందరు అనుకుంటారు. అది సరికాదు. గ్యాస్ పుట్టేది పూర్వం బతికిన మొక్కలు, సూక్ష్మజీవుల అవశేషాల నుంచి. ఆ అవశేషాలు పేరుకొనడానికి లోతైన గుంట, ఉడకడానికి వేడి, తయారైన సరుకు పారిపోకుండా ఆపే మూత, ఈ మూడూ కావాలి. ఫలకాల అంచులలో ఈ మూడూ ఒకచోట కుదిరే అవకాశం ఎక్కువ.

అరేబియా ఫలకం ఇరాన్‌ను నెట్టుతున్న పర్షియన్ గల్ఫ్ ప్రాంతం ఇందుకు పెద్ద ఉదాహరణ. అక్కడి కతార్ గ్యాసే 2004 నుంచి ద్రవరూపంలో గుజరాత్‌లోని దహేజ్ రేవుకు దిగుమతి అవుతున్నది. మన దేశంలో అస్సాం, త్రిపుర నిల్వలు కూడా నేటికీ ఫలకాలు ఢీకొంటున్న అంచుకు చేరువలోనే ఉన్నాయి.

కృష్ణా డెల్టా సంగతి భిన్నమైనది. ఇక్కడ నేడు ఫలకాల సరిహద్దు ఏదీ లేదు. తూర్పు దిక్కున దగ్గరి సరిహద్దు బంగాళాఖాతం ఆవలివైపు అండమాన్ వద్ద ఉన్నది. కాని సుమారు 13 కోట్ల సంవత్సరాల క్రితం ఇదే తీరం సరిహద్దుగా ఉండేది. అప్పటి వరకు అంటార్కిటికాతో అతుక్కొని ఉన్న భారత భూభాగం ఇక్కడే చీలి విడిపోయింది. చీలే సమయంలో నేల సాగి పలచబడింది. అడుగు నుంచి వేడి పైకి వచ్చింది. నేల ముక్కలై కొన్ని ముక్కలు కుంగాయి, కొన్ని గట్లుగా నిలిచాయి.

ఊళ్ల పేర్లతో గుంటలు

ఈ గట్లకు, గుంటలకు భూగర్భ శాస్త్రవేత్తలు డెల్టా ఊళ్ల పేర్లే పెట్టారు. పడమటి నుంచి తూర్పుకు వస్తే కృష్ణా గుంట, దాని పక్కన బాపట్ల గట్టు, తర్వాత గుడివాడ గుంట, కాజ-కైకలూరు గట్టు, బంటుమిల్లి గుంట, ఆపైన తణుకు గట్టు వరుసగా ఉన్నాయి. పైకి చూస్తే అంతా చదునైన వరి పొలమే. అడుగున మాత్రం బేరం కుదరని భాగస్తుల గోడౌనులా అరలు అరలుగా ఉన్నది.

కుంగిన గుంటలలోకి నదులు కోట్ల ఏళ్లపాటు ఇసుకను, బురదను తెచ్చి పోశాయి. ప్రాణవాయువు అందని చోట బురదలో కలిసిన అవశేషాలు పూర్తిగా కుళ్లిపోలేదు. పైపొరల బరువుకు ఆ బురద నల్లని పలకరాయిగా మారింది. డెల్టాలో పేరుమోసిన అలాంటి పొరకు పశ్చిమగోదావరి మెట్ట ప్రాంతంలోని రాఘవాపురం పేరు వచ్చింది. నూజివీడు వైపున ఉన్న గొల్లపల్లి పేరుతో ఒక ఇసుకరాయి పొర ప్రసిద్ధి. మెట్టలో నేలపైన కనిపించే ఈ రాళ్లే డెల్టా వైపు వచ్చేసరికి వేల మీటర్ల లోతుకు దిగిపోయాయి.

లోతుకు పోయేకొద్దీ కిలోమీటరుకు సాధారణంగా 25 నుంచి 30 డిగ్రీల చొప్పున వేడి పెరుగుతుంది. సుమారు 60 డిగ్రీల నుంచి 120 డిగ్రీల వరకు అవశేషాలు చమురుగా మారతాయి. అంతకు మించితే గ్యాస్ తయారవుతుంది. తయారైన గ్యాస్ తేలిక కనుక పైకి ఎగబాకుతుంది. దారిలో సందులున్న ఇసుకరాయి దొరికితే అందులో నిలుస్తుంది. ఆ ఇసుకరాయిపై బిగుతైన బంకమట్టి పొర లేకపోతే గాలిలో కలిసిపోతుంది.

రెండు రకాల సరుకు

కృష్ణా-గోదావరి బేసిన్‌లో గ్యాస్ రెండు విధాల పుట్టింది. ఒడ్డున దొరికేది ఎక్కువగా లోతులో వేడికి ఉడికినది. మండపేట గ్యాస్ ఇంకా పాతది. సింగరేణి బొగ్గు ఏర్పడిన కాలపు బొగ్గు పొరలు గోదావరి లోయ వెంట వచ్చి డెల్టా అడుగున దిగబడగా, వాటి నుంచి పుట్టినది. ఈ రకం గ్యాస్‌తోపాటు తేలికపాటి చమురు కూడా వస్తుంది.

లోతు సముద్రంలో కాకినాడకు ఎదురుగా ఉన్న డి-6 బ్లాకులో మొదట తీసిన గ్యాస్ మరో రకం. నదులు సముద్రంలోకి మోసుకుపోయిన కొత్త బురదలో, ఎక్కువ వేడి అవసరం లేకుండానే, సూక్ష్మజీవులు తయారు చేసినది. అందులో దాదాపు అంతా మీథేనే. 2006లో శాస్త్రీయ యాత్ర ఒకటి ఇదే సముద్రగర్భంలో మంచు వంటి గడ్డల రూపంలో ఉన్న గ్యాస్‌ను కూడా కనుగొన్నది. దానిని వ్యాపార సరళిలో వెలికితీసే పని ఇక్కడ మొదలు కాలేదు.

అంచనాలు, దిగుబడి

ఓ.ఎన్.జి.సి. 1970ల చివర, 1980ల మొదట్లో నరసాపురం, రాజోలు ప్రాంతాలలో గ్యాస్ కనుగొన్నది. అప్పటి నుంచి ఒడ్డున బావులు చిన్న చిన్న అరలనే అందుకున్నాయి. నిల్వ ముక్కలైనందున ఒక బావి ఫలితం పక్క బావికి పూచీ కాదు. లోతులో పీడనం కూడా ప్రమాదకరం. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఎగదన్నిన బావి 65 రోజులు మండింది.

డి-6 నిల్వ 2002లో బయటపడింది. 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి ప్రారంభమై మరుసటి ఏటికి రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్ల దాకా వచ్చింది. తర్వాత బావులలోకి నీరు, ఇసుక చేరి పీడనం పడిపోయింది. వెలికితీయగల గ్యాస్ సుమారు 10 లక్షల కోట్ల ఘనపుటడుగులని వేసిన అంచనా 2012 నాటికి మూడింట ఒక వంతుకు తగ్గింది. 2013 మార్చి నుంచి ఆ బ్లాకు గ్యాస్ విద్యుత్ కేంద్రాలకు ఆగిపోయింది. విజయవాడ పక్కనే కొండపల్లిలో గ్యాస్ మీద నమ్మకంతో విస్తరించిన యూనిట్లు ఇంధనం లేక నిలిచిపోవడం ఈ వ్యాపారంలో అందరికీ తెలిసిన సంగతే. తొలి బావులు 2020 ఫిబ్రవరిలో మూతపడ్డాయి. అదే ఏడు డిసెంబరు నుంచి పక్క నిల్వలు ఉత్పత్తిలోకి రాగా దిగుబడి తిరిగి పుంజుకొన్నది.

దీన్‌దయాళ్ క్షేత్రం కథ మరింత ఖరీదైనది. 2005లో గుజరాత్ ప్రభుత్వ సంస్థ అక్కడ 20 లక్షల కోట్ల ఘనపుటడుగుల గ్యాస్ ఉన్నదని ప్రకటించింది. గ్యాస్ ఉన్న పొర బాగా లోతైనది, బిగుతైనది, వేడి, పీడనం అధికం. సరుకు ఉన్నా రాయి వదలలేదు. సంస్థ అప్పులలో కూరుకుపోగా 2017లో 80 శాతం వాటాను ఓ.ఎన్.జి.సి. కొన్నది.

ధరపై ప్రభావం

భూగర్భ పరిస్థితి ధరను కూడా నిర్ణయిస్తున్నది. ఓ.ఎన్.జి.సి. వంటి సంస్థల పాత క్షేత్రాల గ్యాస్‌కు 2023 ఏప్రిల్ నుంచి ముడిచమురు ధరలో 10 శాతం లెక్కన, కనిష్ఠ, గరిష్ఠ పరిమితులతో ధర కడుతున్నారు. లోతు సముద్రం, అధిక పీడనం, అధిక ఉష్ణోగ్రత గల నిల్వలకు 2016 నుంచి వేరే గరిష్ఠ పరిమితి ఉన్నది. బంటుమిల్లి వైపు లోతైన పొరలలో ఉన్నది ఈ కోవకు చెందిన గ్యాసే. తీయడం ఖర్చుతో కూడిన పని కనుక, మంచి ధర లేనిదే అటువంటి సరుకు మార్కెట్‌కు రాదు.

కనుక కొత్త నిల్వ వార్త వచ్చినప్పుడు వ్యాపారులు మూడు విషయాలు చూసుకోవడం మేలు. ప్రకటించిన అంకె భూమిలో ఉన్న మొత్తమా, వెలికితీయగల భాగమా? పొర వదులైన ఇసుకరాయా, బిగుతైనదా? పరీక్షలో బావి ఎన్ని రోజులు, ఎంత పీడనంతో గ్యాస్ ఇచ్చింది? ఈ మూడింటికీ సమాధానం వచ్చేవరకు ఆ గ్యాస్‌ను చేతికందిన సరుకుగా లెక్క కట్టి అప్పు తెచ్చుకోవడం, ఒప్పందం రాసుకోవడం శ్రేయస్కరం కాదు.