ఉద్యోగం వచ్చాకే బిడ్డా?

సాయంత్రం అశోక్‌నగర్‌ టీ కొట్ల దగ్గర నిలబడితే వినిపించేవన్నీ నోటిఫికేషన్లు, కటాఫ్‌ల కబుర్లే. చిక్కడపల్లి గ్రంథాలయంలో, నారాయణగూడ హాస్టళ్లలో పుస్తకాలతో కుస్తీ పడేవాళ్లంతా పెళ్లికానివాళ్లే అనుకోకండి. పెళ్లయి మూడు నాలుగేళ్లయినవాళ్లూ ఉంటారు. పండక్కి ఊరెళ్తే ‘ఇంకా విశేషం ఏమీ లేదా?’ అనే ప్రశ్న. ‘ముందు ఉద్యోగం రానీ అత్తయ్యా’ అనే జవాబు.

బాధ్యత తెలిసిన జవాబే. కాకపోతే పరీక్షల తేదీలు మన చేతిలో ఉండవు. తెలంగాణ వచ్చాక తొలి గ్రూప్‌-1 నోటిఫికేషన్‌ 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులతో వెలువడింది. ప్రిలిమ్స్‌ రెండుసార్లు రద్దయ్యాయి. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో మళ్లీ కొత్త ప్రకటన. మొదటిసారి దరఖాస్తు చేసేనాటికి 30 ఏళ్లున్న అమ్మాయికి, 2024 అక్టోబరులో మెయిన్స్‌ రాసేసరికి 32 నిండిపోయాయి. సరిగ్గా ఆ వయసు నుంచే గర్భం దాల్చే అవకాశాలు కొద్దికొద్దిగా తగ్గుతాయి. 37 దాటితే ఆ తగ్గుదల వేగం పుంజుకుంటుంది.

అసలు ‘మేం సిద్ధం’ అని ఎవరికైనా నిరూపించుకోవాలా? దత్తత తీసుకునేవారైతే నిరూపించుకోవాల్సిందే. 2022 దత్తత నిబంధనల ప్రకారం దంపతులది కనీసం రెండేళ్ల స్థిరమైన కాపురమై ఉండాలి. రెండేళ్లలోపు బిడ్డ కావాలంటే ఇద్దరి వయసూ కలిపి 85 మించకూడదు. సామాజిక కార్యకర్త ఇంటికొచ్చి ఆరోగ్యం, ఆదాయం, ఇంటి వాతావరణం చూసి నివేదిక రాస్తారు. కనేవారికీ ఇలాంటి పరీక్ష పెట్టాలనేవాళ్లు లేకపోలేదు. అలా పెడితే ముందు ఖాళీ అయ్యేది పేదింటి ఉయ్యాలే! అయితే ఆ ప్రశ్నలు మాత్రం మంచివి. బిడ్డకు రాత్రి జ్వరమొస్తే ఎవరు లేస్తారు? ఒకరు పరీక్షకెళ్తే ఇంకొకరు ఉంటారా? వీటిని భార్యాభర్తలు తమలో తామే వేసుకోవచ్చు.

ఉద్యోగం కోసం ఏళ్లు పట్టొచ్చు గానీ, ఒంటిని సిద్ధం చేసుకోవడానికి మూడు నెలలు చాలు. బిడ్డ మెదడు, వెన్నుపాముగా మారే నాళం గర్భం దాల్చిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది. అంటే నెల తప్పిందని తెలిసీ తెలియకముందే. అందుకే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్‌ యాసిడ్‌ కనీసం నెల ముందు నుంచే వేసుకోవాలి. హిమోగ్లోబిన్‌, థైరాయిడ్‌, షుగర్‌, బీపీ చూపించుకోవాలి. రుబెల్లా టీకా వేయించుకుంటే ఒక నెల ఆగాలి.

థలసీమియా పరీక్షను చాలామంది పట్టించుకోరు. ఇద్దరిలోనూ ఆ జన్యువు ఉంటే, పైకి ఆరోగ్యంగానే ఉన్నా, ప్రతి కాన్పులో బిడ్డకు జబ్బు వచ్చే ముప్పు 25 శాతం. మేనరికమైతే మరీ తప్పనిసరి.

ఇక భర్త సంగతి. మన ఇళ్లలో పరీక్షలన్నీ కోడలికే! వీర్యకణాలు తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి సిగరెట్‌, గుట్కా, మద్యం మానేయాల్సింది అంతకు ముందే.

35 దాటినవారు ఆరు నెలలు ప్రయత్నించినా ఫలితం లేకపోతే ఏడాది దాకా ఆగక డాక్టర్‌ను కలవాలి. మూర్ఛకో, బీపీకో మందులు వాడేవారు సొంతంగా ఆపేయొద్దు. ముందే చెబితే గర్భిణులకు సరిపడేవి మార్చి ఇస్తారు.