రామెన్ ముందు కబుర్లు కుదరవు

జపాన్‌లోని ఫుకువోకా నగరంలో హకాటా ప్రాంతం రామెన్ అనే నూడుల్స్ సూప్‌కు పేరుమోసింది. అక్కడి మామూలు దుకాణాల్లో చాలాచోట్ల గుమ్మం పక్కనే టికెట్ల యంత్రం ఉంటుంది. డబ్బులు వేసి, మీట నొక్కి, వచ్చిన చీటీని వంటవాడి ముందు పెట్టాలి. అతను అడిగేది ఒక్కటే: నూడుల్స్ మెత్తగానా, మామూలుగానా, గట్టిగానా, మరీ గట్టిగానా? మరీ గట్టిగా అంటే ఆ సన్నని పోగులు మరిగే నీళ్లలో అరనిమిషం కూడా ఉండవు. గిన్నె వచ్చాక పెద్దగా మాటలుండవు. జుర్రుజుర్రుమని లాగించేసి లేచిపోతారు. వెనక క్యూ ఉందన్న మాట నిజమే గానీ, అసలు తొందరపెట్టేది పోగులోని పిండిపదార్థం.

గోధుమలోని స్టార్చ్ రేణువులు సుమారు 60 డిగ్రీల సెల్సియస్ దాటాక నీళ్లు పీల్చి ఉబ్బుతాయి. ముందు పైపొర ఉబ్బుతుంది, నడిమికి నీళ్లు చేరేసరికి ఆలస్యమవుతుంది. పైన మెత్తన, లోపల బిరుసు. పంటికి తగిలే పట్టు ఈ తేడాలోనే ఉంది. సూప్ వేడిగా ఉన్నంతసేపూ నీళ్లు లోపలికి పాకుతూనే ఉంటాయి. కొద్ది నిమిషాల్లో తేడా చెరిగిపోయి పోగు చప్పబడుతుంది. నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసుకునే వాళ్లకు మిగిలేది అదే.

ఈ పోగుకు ఆమాత్రం బిగువు ఇచ్చేది కాన్సుయ్ అనే క్షార ద్రావణం. అందులో ఉండేవి ప్రధానంగా సోడియం కార్బొనేట్, పొటాషియం కార్బొనేట్. మన అప్పడాల పిండిలో కలిపే పాపడ్ ఖార్‌ది కూడా ఈ వరసే. క్షారం తగిలితే గ్లూటెన్ బిగుస్తుంది. పిండిలో రంగు తెలియకుండా ఉన్న ఫ్లేవనాయిడ్లు పసుపు తిరుగుతాయి. అందుకే గుడ్డు కలపకపోయినా రామెన్ పోగు పచ్చగా కనిపిస్తుంది.

నాకు అన్నిటికన్నా ముచ్చటగా అనిపించేది టొంకొత్సు సూప్. పంది ఎముకల్ని గంటల తరబడి సన్న సెగ మీద కాదు, కుతకుతలాడేలా పెద్ద మంట మీద మరిగిస్తారు. ఎముకల్ని అంటుకున్న కొల్లాజెన్ కరిగి జెలటిన్ అవుతుంది. ఆ పొంగుకు కొవ్వు కంటికి ఆనని బిందువులుగా చితుకుతుంది. జెలటిన్ ఒక్కో బిందువు చుట్టూ పొరలా చేరి, అవి మళ్లీ ఒకదానితో ఒకటి కలవకుండా అడ్డుపడుతుంది. అన్ని కోట్ల బిందువులు వెలుతురును అన్ని దిక్కులకూ చెదరగొడతాయి కాబట్టి సూప్ తెల్లగా పాలలా ఉంటుంది, పాలచుక్క లేకుండానే. అవే ఎముకల్ని పొర్లనివ్వకుండా కాస్తే వచ్చేది తేట సూప్. సరుకు అదే, మారింది మంట.

రుచి లెక్క వేరు. 1908లో టోక్యోలో రసాయన శాస్త్రవేత్త ఇకెడా కికునాయె కొంబు అనే సముద్రపు నాచు నుంచి గ్లుటమేట్‌ను వేరుచేసి, ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టాడు. 1913లో ఆయన శిష్యుడు కొడామా ఎండబెట్టిన బోనిటో చేపలో ఇనోసినేట్‌ను పట్టుకున్నాడు. మాంసంలోనూ ఇది ఉంటుంది. ఈ రెండూ కలిస్తే రుచి ఒకటీ ఒకటీ రెండుగా కాదు, ఎన్నో రెట్లు పెరుగుతుంది. సోయా సాస్‌లోని గ్లుటమేట్, మాంసంలోని ఇనోసినేట్ రామెన్ గిన్నెలో కలిసేది అందుకే. ఉప్పు మాత్రం దండిగా ఉంటుంది. సూప్ మొత్తం తాగితే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన రోజువారీ 5 గ్రాముల హద్దు ఒక్క గిన్నెతోనే దాటిపోవచ్చు.

ఇక జుర్రుడు. పోగుతో పాటు గాలి లోపలికి పోతే నోరు కాలదు. పైగా వాసన గొంతు వెనక నుంచి ముక్కుకెక్కుతుంది. మనం రుచి అనుకునేదాంట్లో పెద్ద వాటా ఆ దారిన వచ్చేదే.

హకాటాలో మొదటి గిన్నెలో పోగులు తక్కువే వేస్తారు. నాగహామా చేపల మార్కెట్లో పనివాళ్లకు తీరిక లేక, చిటికెలో ఉడికే సన్న పోగుల అలవాటు వచ్చిందంటారు. చాలనివాళ్లు సూప్ మిగుల్చుకుని, కాయెదామా అని కేకేస్తే అప్పుడే దింపిన పోగుల ఉండ మరొకటి గిన్నెలో పడుతుంది. నానిపోవడానికి వ్యవధి లేకుండా కొత్త పోగులు కొత్తగానే కడుపులోకి పోతాయి. కాకపోతే వాటిని అంటుకుని వచ్చిన నీళ్లు సూప్‌ను పల్చన చేస్తాయి. దానికీ విరుగుడుంది: చాలా దుకాణాల్లో బల్ల మీదే ఉప్పుగా, చిక్కగా ఉండే సాస్ పెట్టి ఉంటుంది, కావలసినంత ఎవరికి వారే పోసుకుంటారు.