చాప్లిన్... ఇది ఎవరి ఇంటిపేరు?

'చాప్లిన్' అనగానే మీకేం గుర్తొస్తుంది? నాకైతే టోపీ, చేతికర్ర, ఆ బుల్లి మీసం! కానీ పాత ఫ్రెంచి మాటలోంచి ఇంగ్లండు చేరిన ఆ ఇంటిపేరుకి అర్థం - ప్రార్థనామందిరంలో మతగురువు. తెలిసిన రోజున పగలబడి నవ్వాను.

తర్వాతి కథ మాత్రం నవ్వించేది కాదు. 1889లో పుట్టిన చార్లీకి ఆ పేరిచ్చిన తండ్రి లండన్ మ్యూజిక్ హాళ్ళ గాయకుడు. ఇల్లు పట్టించుకోలేదు. తాగి తాగి 1901లో పోయాడు. అంతకుముందే, 1896లో, చార్లీ, అన్న సిడ్నీ పేదల శరణాలయం పాలయ్యారు.

అసలు సంగతి వినండి. సిడ్నీ ఆ తండ్రి కొడుకే కాదు! తల్లి హానాకి ఆ పెళ్ళికి ముందే పుట్టినవాడు. అయినా చాప్లిన్‌గానే పెరిగాడు. 1908లో తమ్ముణ్ణి ఫ్రెడ్ కార్నో కంపెనీలో చేర్పించింది అతనే. ఆ కంపెనీతో అమెరికా వెళ్ళబట్టే చార్లీ సినిమాల్లో పడ్డాడు. 1975లో 'సర్' అయ్యాడు.

చార్లీ కూతురు జెరాల్డిన్ 1965లో 'డాక్టర్ జివాగో'లో మెరిసింది. 1992లో వచ్చిన 'చాప్లిన్' చిత్రంలో సొంత నాయనమ్మ హానాగా నటించింది!

పేరు తండ్రిది. నిలబెట్టింది తమ్ముడు. ఆ తమ్ముణ్ణి నిలబెట్టింది మాత్రం అన్న! ఈసారి చార్లీని చూసి నవ్వేటప్పుడు సిడ్నీని కూడా ఓసారి తలుచుకోండి, ఏం?