గోదావరి పొంగకముందే గాదె నింపుకుందాం



ఈ పేజీలో మీరు ఎక్కువగా షుగరు, బి.పి., బాలింతల ఆరోగ్యం గురించి చదువుతుంటారు. ఈసారి బియ్యం డబ్బా గురించి రాస్తున్నాను. ఇది కూడా ఆరోగ్య విషయమే. వరదలో జబ్బు మనిషికి ఇబ్బంది చాలాసార్లు అన్నం దగ్గరే మొదలవుతుంది. షుగరు మాత్ర వేసుకుని అన్నం తినకపోతే చెమటలు పట్టి, కళ్ళు తిరిగి పడిపోతారు. టి.బి. మందులు వాడే మనిషికి బలమైన తిండి లేకపోతే కోలుకోవడం ఆలస్యమవుతుంది. బాలింతకు తిండి, నీరు తక్కువైతే నీరసించిపోతుంది. అందుకే ప్రతి ఇంట్లో పదిహేను రోజులకు సరిపడా తిండి ఎప్పుడూ నిలవ ఉండాలని మనవి చేస్తున్నాను.

మన నది నేర్పిన పాఠం

1986 ఆగస్టు వరదను మనలో పెద్దవారు మరచిపోలేదు. భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది. ధవళేశ్వరం ఆనకట్ట మీదుగా సుమారు 35 లక్షల క్యూసెక్కుల నీరు సముద్రంలోకి పోయింది. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను తూర్పు గోదావరి తీరాన్ని దెబ్బతీసింది. కోతకు వచ్చిన సార్వా పంట, కోనసీమ కొబ్బరితోటలు ఒక్క రాత్రిలో నేలపాలయ్యాయి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర నీరు మళ్ళీ 71 అడుగులు దాటింది. పి.గన్నవరం, అయినవిల్లి, మామిడికుదురు, యలమంచిలి మండలాల లంక గ్రామాలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. అంత పెద్ద వరద అక్కరలేదు. చాకలిపాలెం, కనకాయలంక మధ్య కాజ్‌వే మునిగితే చాలు, పడవ లేకుండా బజారుకు పోలేము.

నీరు లేకుండా కూడా దారులు మూతపడతాయని 2020 మార్చిలో చూశాము. లాక్‌డౌన్ రోజుల్లో ఏ పూటకు ఆ పూట కొనుక్కునే కుటుంబాలు ఎక్కువ బాధపడ్డాయి.

గాదెలు ఎక్కడికి పోయాయి?

మన అమ్మమ్మల కాలంలో ఇంటికి గాదె గానీ పురి గానీ ఉండేది. పొలం లేని ఇంట్లో కూడా కోతకూలి ధాన్యంగానే వచ్చేది గనుక నాలుగు కుంచాలైనా దాచేవారు. అటక మీద చింతపండు, మినుములు, వడియాలు, ఊరగాయ జాడీలు ఉండేవి. ఇప్పుడు కోత మిషను వచ్చింది. ధాన్యం చేలోనుండి నేరుగా మిల్లుకు పోతుంది. రైతు కూడా బియ్యం కొట్టులోనే కొంటున్నాడు. కూలి డబ్బుగా వస్తుంది, డబ్బు ఆ వారమే ఖర్చయిపోతుంది. రేషను మీద మనిషికి నెలకు వచ్చే 5 కిలోలు చాలా మేలు చేస్తున్నాయి గాని, పెద్దవారికి అవి పదమూడు రోజులకు మించి రావు. వరి పండించే డెల్టాలో ఉండి, వాన నాలుగు రోజులు కురిస్తే పొయ్యి వెలగని ఇళ్ళు ఉండడం మంచిది కాదు.

ఎంత దాచాలి?

నలుగురున్న ఇంటికి పదిహేను రోజులకు ఈ లెక్క సరిపోతుంది.

1. బియ్యం 24 కిలోలు (మనిషికి రోజుకు సుమారు 400 గ్రాములు)
2. కందిపప్పు, పెసరపప్పు కలిపి 4 కిలోలు
3. నూనె ఒకటింపావు లీటరు
4. అయోడిన్ ఉప్పు ఒక ప్యాకెట్టు, చింతపండు, పసుపు, కారం
5. వండకుండా తినగలిగినవి: అటుకులు, మరమరాలు, వేయించిన శెనగపప్పు, బెల్లం
6. మూత ఉన్న డబ్బాల్లో తాగునీరు, మనిషికి రోజుకు 3 లీటర్ల చొప్పున కనీసం మూడు రోజులకు
7. ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్లు, అగ్గిపెట్టె, కొవ్వొత్తులు, క్లోరిన్ బిళ్ళలు

అయిదవ వరుసను తేలికగా తీసుకోకండి. పొయ్యి మునిగిపోతే బియ్యం బస్తా పక్కనే ఆకలితో కూర్చోవలసి వస్తుంది.

గుప్పెడు బియ్యంతో మొదలుపెట్టండి

"అమ్మా, ఈ రోజుకే చాలడం లేదు, పదిహేను రోజులకు ఎక్కడనుండి తెస్తాం?" అని మీరు అడగవచ్చు. ఒక్కసారిగా కొనమని నేను చెప్పడం లేదు. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేయండి. గుప్పెడు ఇంచుమించు 50 గ్రాములు. రెండు పూటలకు 100 గ్రాములు, నెలకు 3 కిలోలు. సార్వా కోతల నాడు నవంబరులో మొదలుపెడితే జూన్ ఆఖరుకు 24 కిలోలు అవుతాయి. మిజోరాం ప్రెస్బిటేరియన్ సంఘ స్త్రీలు 1910 ప్రాంతంలో ఇలాగే గుప్పెడు బియ్యం తీసి సంఘానికి ఇవ్వడం ప్రారంభించారు. నేటికీ ఆ పద్ధతి అక్కడ సాగుతోంది. చిన్న గుప్పెటకు ఎంత శక్తి ఉందో వారు చూపించారు.

మిగతావి ఏ కాలంలో చవకో అప్పుడు కొనండి. మన చేలల్లో మినుములు, పెసలు మాఘ, ఫాల్గుణ మాసాల తర్వాత చేతికి వస్తాయి. కొత్త చింతపండు, ఎండుమిరప కూడా ఆ రోజుల్లోనే. మామిడికాయల కాలంలో ఊరగాయ ఎలాగూ పెడతారు. ఇలా చేస్తే ఏరువాక నాటికి ఇల్లు సిద్ధం.

ఎలా నిలవ చేయాలి?

డబ్బా పూర్తిగా ఆరాకే గింజ పోయాలి. తేమ ఉంటే బూజు, ముక్క పురుగు రెండూ వస్తాయి. నీడన ఆరబెట్టిన వేపాకు, ఎండుమిరపకాయలు వేసి మూత బిగించండి. పప్పులు ఎండబెట్టి, కొంచెం ఆముదం పట్టించి, వండేటప్పుడు బాగా కడుక్కోవడం మన పెద్దల పద్ధతి. డబ్బా నేల మీద కాక అటక మీదగానీ ఎత్తైన బల్ల మీదగానీ ఉంచండి. పాతది ముందు వాడి, దాని చోట కొత్తది పోయండి. నిలవ అంటే ఏళ్ళ తరబడి తాకకుండా ఉంచడం కాదు.

చేయకూడనివి కూడా స్పష్టంగా చెప్పాలి.

బియ్యంలో బోరిక్ పౌడరు కలపవద్దు. చిన్నపిల్లలకు అది విషం.

పురుగు పట్టకుండా పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ గోళీలను ఇంట్లోకి తేనే వద్దు. తేమ తగిలితే అవి విషవాయువు వదులుతాయి. తలుపులు వేసి నిద్రపోయిన కుటుంబానికి అది ప్రాణాంతకం. దీనికి విరుగుడు మందు లేదు. అవి గోదాముల్లో, శిక్షణ పొందినవారు వాడవలసినవి.

పురుగుమందు డబ్బాను ఎంత కడిగినా అందులో నూనెగాని, గింజగాని, నీరుగాని పోయవద్దు.

బూజు పట్టిన వేరుశెనగ, మొక్కజొన్న పారవేయండి. ఆ బూజులో పుట్టే విషం కాలేయాన్ని చెడగొడుతుంది. కడిగినా, వేయించినా పోదు. వరదనీటిలో తడిసిన బియ్యం, పిండి కూడా తినకూడదు. ఆ నీటిలో మురుగు కలిసి ఉంటుంది.

ఇంట్లో బలహీనుల కోసం

నిలవ పెట్టేటప్పుడు ఇంట్లో అందరికంటె బలహీనులు ఎవరో ముందు ఆలోచించండి.

షుగరు రోగులు: ఒక నెల మందులు ఎప్పుడూ ఇంట్లో ఉండాలి. శరీరంలో చక్కెర తగ్గినప్పుడు వెంటనే తినడానికి పంచదార పొట్లం దగ్గర పెట్టుకోండి. కరెంటు పోయి ఫ్రిజ్ ఆగిపోతే, పెద్ద కుండలో తడి ఇసుక పోసి, దానిలో చిన్న కుండ దించండి. ఇన్సులిన్ సీసాను ప్లాస్టిక్ సంచిలో కట్టి ఆ చిన్న కుండలో పెట్టి, నీడలో ఉంచండి.

బి.పి., గుండె జబ్బు ఉన్నవారు: వరద రోజుల్లో పచ్చడి మెతుకులు, ఎండుచేపలతోనే గడిపేస్తాము. వాటిలో ఉప్పు చాలా ఎక్కువ. పెద్దవారికి రోజుకు ఒక చెంచా, అంటే 5 గ్రాముల లోపు ఉప్పు చాలు. వీరికోసం పప్పు ఎక్కువ ఉంచండి. కిడ్నీ జబ్బు ఉన్నవారు మాత్రం పప్పు ఎంత తినాలో డాక్టరుగారిని ముందుగానే అడగాలి.

పసిబిడ్డలు: ఆరు నెలల వరకు తల్లిపాలే. డబ్బాపాలు నిలవ పెట్టవద్దు. మంచినీరు దొరకని చోట పాలసీసా విరేచనాలు తెస్తుంది. తల్లికి కడుపునిండా తిండి పెడితే బిడ్డకు పాలు ఉంటాయి. ఆరు నెలలు దాటిన పిల్లలకు బియ్యం, పెసరపప్పు వేయించి విసిరిన పొడి సీసాలో ఉంటే క్షణంలో జావ కాయవచ్చు.

హెచ్చరిక వినగానే

ధవళేశ్వరం దగ్గర నీరు 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది ఇస్తారు. మొదటి హెచ్చరికకే డబ్బాలు అటక ఎక్కించి, మంచినీరు నింపండి. రెండవదానికి మందులు, మందుల చీటీ, ఆధార్, రేషను కార్డు, అటుకులు, బెల్లం ఒక సంచిలో కట్టండి. గర్భిణీలను, మంచం మీద ఉన్నవారిని అప్పుడే గట్టు ప్రాంతానికి చేర్చండి. అధికారులు ఖాళీ చేయమంటే బియ్యం కోసం ఆగవద్దు. డబ్బా మళ్ళీ నింపుకోవచ్చు.

దాచడం, పోగుచేయడం ఒకటి కాదు

రేపటి కోసం దాచడం విశ్వాసం లేకపోవడమని కొందరు అనుకుంటారు. యోసేపు ఐగుప్తులో సమృద్ధి ఉన్న ఏడేళ్ళూ పంటలో అయిదవ భాగం నిలవ చేయించాడు. ఆ గింజలే కరువులో అనేకుల ప్రాణం కాపాడాయి, అతని స్వంత అన్నదమ్ముల ప్రాణాలు కూడా. అరణ్యంలో మన్నాను మితిమీరి దాచుకున్నవారికి మాత్రం పురుగులే మిగిలాయి. రెండూ మనకు పాఠాలే. వరదవార్త విన్నాక కొట్టు మీదపడి బస్తాలు కొనుక్కుపోతే, వెనుక వచ్చిన పేదరాలికి గింజ దొరకదు. సులువుగా దొరికే కాలంలో కొంచెం కొంచెంగా దాచుకున్నవారు ఎవరి నోటిదగ్గరిదీ తీసినట్లు కాదు.

స్త్రీల సమాజపు సహోదరీలకు ఒక మనవి. మీ పేటలో ఒంటరిగా ఉన్న ముసలమ్మలు, విధవరాండ్రు, మంచాన పడినవారు ఎవరెవరో ఒక కాగితం మీద రాసుకోండి. వారు గుప్పెడు బియ్యం తీయలేకపోవచ్చు. వారి డబ్బా నింపే పని అయిదు ఇళ్ళవారు కలిసి పంచుకోండి. వచ్చే వాన మాసానికి ఆ కాగితంలో ఉన్న ప్రతి ఇంట్లో నిండిన డబ్బా ఒకటి అటక మీద ఉండాలి.

ఈ రాత్రి ఎసరు పెట్టేటప్పుడే మొదటి గుప్పెడు తీయండి.